సంఘం కార్యాలయంలో వై-ఫై: భద్రంగా ఏర్పాటు చేసుకొనే విధానం

గ్రామ పాల సంఘంలో లెక్కల పద్ధతి మారింది. ఒకప్పుడు కొలపాత్రతో పాలు కొలిచి, శాంపిలు సీసాలోకి తీసి, గర్బర్ పద్ధతిలో వెన్న శాతం కట్టి, అన్నీ చేతితో రిజిస్టరులో వ్రాసేవారు. నేడు అనేక సంఘాలలో తూకం యంత్రం బరువు చూపుతుంది. పాల పరీక్ష యంత్రం వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. శాతాలు చూపుతుంది. రెండూ కంప్యూటరుకు చేరి సభ్యుని చేతికి స్లిప్పు వస్తుంది. ఆ లెక్క అక్కడి నుండి యూనియనుకు పోతుంది. దానిని బట్టి పాల బిల్లు తయారై, డబ్బు సభ్యుని బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది.

ఈ ప్రయాణంలో కొంత దూరం లెక్క గాలిలో పోతున్నది. కార్యాలయంలో పెట్టిన వై-ఫై పెట్టెకూ కంప్యూటరుకూ మధ్య తీగ ఉండదు. పాల క్యానుకు మూత బిగించి పంపే మనం, పాల లెక్కను మూత లేకుండా పంపడం తగదు.

ఈ పాఠంలో చెప్పే పనులకు ఇంజనీరు అవసరం లేదు. కార్యదర్శి, పాలకవర్గ సభ్యుడు ఒకరు కలిసి ఒక పూట కూర్చుంటే పూర్తవుతాయి. అయితే ఏ పని ఎందుకు చేస్తున్నారో సభ్యులందరికీ తెలియాలి. సంఘం సభ్యులది గనుక దాని తాళం కూడా సభ్యులదే.

1. వై-ఫై అంటే ఏమిటి?

ఇంటర్నెట్ కనెక్షను తీగ ద్వారా కార్యాలయం వరకు వస్తుంది. దాని చివర బిగించే చిన్న పెట్టెను రూటర్ అంటారు. ఈ పెట్టె రేడియో తరంగాల ద్వారా కంప్యూటరుతోను, ప్రింటరుతోను, ఫోన్లతోను మాట్లాడుతుంది. ఆకాశవాణి వినే రేడియోకు, దీనికి మూలసూత్రం ఒక్కటే. కాకపోతే రేడియో వినడం మాత్రమే చేస్తుంది, రూటరు చెబుతుంది, వింటుంది కూడా.

సాధారణంగా దొరికే రూటర్లు 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రకాల తరంగాలపై పనిచేస్తాయి. మొదటిది కొంత ఎక్కువ దూరం పోతుంది, గోడలను దాటుతుంది. రెండవది వేగం ఎక్కువ, దూరం తక్కువ. ఇంటి లోపల సుమారు 30 మీటర్ల వరకు అందే తరంగం, ఆరుబయట ఇంకా దూరం పోతుంది. ఇక్కడ ముఖ్యంగా గమనించవలసినది, ఈ తరంగానికి మన కాంపౌండు గోడ హద్దు కాదు. పక్కనున్న టీ కొట్టులోనూ, ఎదురుగా ఉన్న అరుగు మీదనూ అది అందుతుంది. తలుపుకు తాళం వేసినా తరంగం బయట తిరుగుతూనే ఉంటుంది. కావున దానికి వేరే తాళం కావాలి.

2. తాళం లేకపోతే నష్టం ఏమిటి?

మొదటి నష్టం పనికి ఆటంకం. మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో పాస్‌వర్డ్ ఊరందరికీ తెలుసు. సాయంత్రం పాలు పోసే వేళకు కార్యాలయం చుట్టూ కుర్రవాళ్ళు చేరి సినిమాలు చూచేవారు. సరిగా ఆ వేళకే పాల లెక్క యూనియనుకు పంపాలి. లెక్క కదలక, కార్యదర్శి రాత్రి తొమ్మిది వరకు కూర్చునేవాడు. సభ్యులు యంత్రాన్ని తిట్టుకునేవారు. యంత్రంలో లోపం ఏమీ లేదు.

రెండవ నష్టం లెక్కలకు ప్రమాదం. మన వై-ఫై లోపలికి వచ్చిన వ్యక్తి మన గదిలోకి వచ్చిన వ్యక్తి వంటివాడే. కంప్యూటరు ఫైళ్ళు అందరికీ తెరిచి ఉంటే వాటిని చూడగలడు. రూటరు లోపలి అమరికలు మార్చగలిగితే, మనం ఒక చోటికి వెళ్ళబోతే దొంగ పేజీకి మళ్ళించగలడు. సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు సంఘం కంప్యూటరులో ఉంటాయి. అవి సభ్యులు నమ్మకంతో ఇచ్చినవి.

మూడవ నష్టం పోలీసు విచారణ. 2008 జూలై 26న అహ్మదాబాదులో వరుస పేలుళ్ళు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు బెదిరింపు ఈ-మెయిలు ఒకటి వార్తా సంస్థలకు చేరింది. అది ఎక్కడి నుండి వచ్చిందో జాడ తీస్తే నవీ ముంబైలోని ఒక ఇంటి కనెక్షను తేలింది. పోలీసులు ఆ ఇంటివారిని ప్రశ్నించారు, కంప్యూటర్లు పరీక్షించారు. తీరా చూస్తే ఆ ఇంటి వై-ఫైకి తాళం లేదు, దానిని బయటివారు వాడుకున్నారు. ఆ తరువాత 2009లో కేంద్ర టెలికాం శాఖ ఇటువంటి దుర్వినియోగాన్ని అరికట్టడానికి ఆదేశాలు ఇచ్చింది. కనెక్షను ఎవరి పేర ఉంటే ముందు వారి తలుపే తడతారు. సంఘం కనెక్షను సంఘం పేరనే ఉంటుంది గదా!

3. పెట్టెను ఎక్కడ పెట్టాలి?

రూటరును కార్యదర్శి గదిలో, మనిషి తలకన్న ఎత్తున, గోడకు బిగించాలి. ఇందుకు మూడు కారణాలు ఉన్నాయి.

(అ) పాల శీతలీకరణ ట్యాంకు స్టీలుతో చేసినది. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది. ట్యాంకుకు ఒక పక్క రూటరు, మరొక పక్క కంప్యూటరు ఉంటే పని సాగదు. ఇనుప బీరువా వెనుక పెట్టినా ఇదే గతి. ట్యాంకు గదిలో నేల కడిగే నీళ్ళు, తేమ కూడా పెట్టెకు చేటు.

(ఆ) ప్రతి రూటరు వెనుక చిన్న రంధ్రమో, మీటో ఉంటుంది. సాధారణంగా దానిని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మనం పెట్టిన అమరికలన్నీ పోయి, ఫ్యాక్టరీ నుండి వచ్చిన స్థితికి వస్తుంది. అప్పుడు అడుగున అంటించిన చీటీ మీది పాస్‌వర్డే పనిచేస్తుంది. పెట్టె చేతికందేచోట ఉంటే ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా ప్రయోజనం లేదు.

(ఇ) రూటరును వీధి కిటికీకి ఆనించి పెడితే సగం తరంగం వీధికే పోతుంది. గది మధ్య గోడకు పెడితే మనకు బాగా అందుతుంది, బయటకు తక్కువ పోతుంది.

ట్యాంకు కంప్రెసరు తిరగడం మొదలైనప్పుడు కరెంటు ఒక్కసారి పడిపోయి రూటరు ఆగి మళ్ళీ మొదలవుతుంటే, దానికి చిన్న బ్యాటరీ యు.పి.ఎస్. పెట్టుకోవాలి. ఉరుములు మెరుపులు ఉన్న రాత్రి ప్లగ్గు తీసి ఉంచడం మేలు.

తూకం యంత్రం, పరీక్ష యంత్రం ఇప్పటికే తీగతో కంప్యూటరుకు కలిపి ఉంటే ఆ తీగను తీయవద్దు. తీగ ఉన్నచోట తీగే మంచిది. తీగ కుదరని చోటికే వై-ఫై.

4. మొదటి రోజే చేయవలసిన పనులు

కనెక్షను ఇచ్చిన కంపెనీ మనిషి పెట్టె బిగించి, ఫోనులో ఇంటర్నెట్ వచ్చిందని చూపి వెళ్ళిపోతాడు. చాలా సంఘాలలో పని అక్కడితో ఆగిపోతుంది. నిజానికి మన పని అక్కడే మొదలు. కంప్యూటరులో రూటరు అమరికల పేజీ తెరవాలి. దాని చిరునామా పెట్టె అడుగున వ్రాసి ఉంటుంది. ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1 అని ఉంటుంది. తరువాత ఈ క్రింది పనులు వరుసగా చేయాలి.

(1) రూటరుకు రెండు తాళాలు ఉంటాయి. ఒకటి వై-ఫైలో చేరడానికి, రెండవది అమరికలు మార్చడానికి. రెండవదానిని అడ్మిన్ పాస్‌వర్డ్ అంటారు. చాలా పెట్టెలకు ఇది ఫ్యాక్టరీలో పెట్టినదే ఉంటుంది, అది అందరికీ తెలిసిన మాట. ముందు దీనిని మార్చాలి. రెండు తాళాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టరాదు.

(2) నెట్‌వర్క్ పేరు మార్చాలి. రూటరు తయారీ పేరు కనిపించేలా ఉంచరాదు. అలాగని పేరును దాచిపెట్టినంత మాత్రాన భద్రత రాదు. దాచిన పేరును పట్టుకునే సాధనాలు ఉన్నాయి.

(3) తాళం రకం ఎన్నుకోవాలి. వై-ఫై తొలి ప్రమాణం 1997లో వచ్చింది. అప్పటి తాళం పేరు డబ్ల్యు.ఇ.పి. దానిలోని లోపం 2001లో బయటపడింది. నేడు దానిని నిమిషాలలో విప్పవచ్చు. దాని స్థానంలో 2003లో డబ్ల్యు.పి.ఎ., 2004లో డబ్ల్యు.పి.ఎ. 2, 2018లో డబ్ల్యు.పి.ఎ. 3 వచ్చాయి. పెట్టెలో 3 ఉంటే దానిని, పాత కంప్యూటరు అందుకోలేకపోతే 2, 3 కలిసిన అమరికను, అదీ లేకపోతే 2ను ఎ.ఇ.ఎస్.తో ఎన్నుకోవాలి. అంతకన్న పాతవి తప్ప వేరేవి లేని పెట్టెను మార్చివేయాలి.

(4) డబ్ల్యు.పి.ఎస్. అనే సదుపాయాన్ని ఆపివేయాలి. పాస్‌వర్డ్ కొట్టకుండా ఒక మీట నొక్కి గాని, 8 అంకెల సంఖ్యతో గాని చేరడానికి ఇది ఏర్పడింది. ఆ 8 అంకెలలో చివరిది సరిచూచే అంకె. మిగిలినవాటిని రూటరు రెండు ముక్కలుగా పరీక్షిస్తుంది. అందువల్ల కోటి ప్రయత్నాలు చేయవలసిన చోట 11,000 ప్రయత్నాలతో సంఖ్య దొరుకుతుందని 2011లో తేలింది. ముందు తలుపుకు గొళ్ళెం పెట్టి దొడ్డి తలుపు తెరిచి ఉంచడం వంటిది ఇది.

(5) బయటి ఇంటర్నెట్ నుండి రూటరు అమరికలు మార్చే సదుపాయం ఉంటే ఆపివేయాలి. అది కంపెనీవారి అధీనంలో ఉంటే ఆ సంగతి వారిని అడిగి తెలుసుకోవాలి.

(6) రూటరు లోపల నడిచే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. లోపాలు బయటపడినప్పుడు తయారీదారు కొత్తది ఇస్తాడు. 2017లో డబ్ల్యు.పి.ఎ. 2లోనే ఒక లోపం బయటపడి, లోకమంతటా ఫోన్లకు, కంప్యూటర్లకు, రూటర్లకు సవరణలు ఇవ్వవలసి వచ్చింది. మూడు నెలలకు ఒకసారి కొత్తది ఉన్నదేమో చూడాలి. దానంతట అదే మార్చుకొనే అమరిక ఉంటే దానిని పెట్టుకోవాలి.

(7) వై-ఫై ప్రింటరు ఉంటే, అది స్వయంగా వేరొక నెట్‌వర్క్‌ను ప్రసారం చేస్తూ ఉండవచ్చు. ఫోనులో వెదికితే ప్రింటరు పేరు కనిపిస్తుంది. అవసరం లేకపోతే దానిని కూడా ఆపాలి.

5. పాస్‌వర్డ్ ఎట్లా ఉండాలి?

డబ్ల్యు.పి.ఎ. 2 వాడే చోట దొంగ మన గుమ్మం ముందు కూర్చొని ఒక్కొక్క పాస్‌వర్డ్ ప్రయత్నించనక్కరలేదు. మన కంప్యూటరు వై-ఫైలో చేరేటప్పుడు జరిగే పలకరింపును గాలిలో నుండి పట్టుకొని, ఇంటికి పోయి, పెద్ద కంప్యూటరుతో తీరికగా ఊహించవచ్చు. (డబ్ల్యు.పి.ఎ. 3లో ఈ వీలు లేకుండా చేశారు.) అటువంటి కంప్యూటరు సెకనుకు 10 లక్షల ఊహలు ప్రయత్నిస్తుందనుకుందాం. అప్పుడు లెక్క ఇట్లా ఉంటుంది:

8 అంకెలతో ఏర్పడే సంఖ్యలు 10 కోట్లు. అన్నీ ప్రయత్నించడానికి 100 సెకన్లు చాలు.

మన దేశపు మొబైలు నంబరు 10 అంకెలు, మొదటి అంకె 6, 7, 8, 9లలో ఒకటి. మొత్తం 400 కోట్లు. వీటికి సుమారు గంటా ఏడు నిమిషాలు. అధ్యక్షుని ఫోను నంబరే పాస్‌వర్డ్ అయితే ఆ గంట కూడా అక్కరలేదు, ఊళ్ళో అందరికీ తెలిసిందే.

రెండు వేల వాడుక మాటలు వ్రాసి, వాటిలో నుండి చీట్లు తీసినట్లు ఐదు మాటలు తీసి వరుసగా పెడితే, అన్నీ ప్రయత్నించడానికి దాదాపు 1,000 సంవత్సరాలు పడుతుంది.

కావున గుర్తుపెట్టుకోలేని వింత గుర్తులకన్న, ఒకదానికొకటి సంబంధం లేని ఐదు మాటలు మేలు. నాగలి, రైలు, చింతకాయ, దుప్పటి, గంట, ఈ విధంగా. ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసుకోవచ్చు. పాస్‌వర్డ్ 8 నుండి 63 అక్షరాల వరకు ఉండవచ్చు గనుక ఐదు మాటలు సులభంగా పడతాయి. ఇక్కడ అచ్చైన మాటలను మాత్రం ఎవరూ వాడుకోవద్దు. ఊరి పేరు, సంఘం రిజిస్టరు నంబరు, కార్యదర్శి పిల్లల పేర్లు కూడా పనికిరావు.

6. సభ్యుల ఫోన్లకు వేరే దారి

పాలు పోయడానికి వచ్చిన సభ్యులు, బిల్లు జమ అయిందో లేదో ఫోనులో చూచుకోవాలంటే సంఘం వై-ఫై అడుగుతారు. అడగడం తప్పు కాదు, ఇవ్వడమూ తప్పు కాదు. అయితే లెక్కల కంప్యూటరు ఉన్న నెట్‌వర్క్‌లోకి వారిని రానివ్వరాదు. ఇప్పటి రూటర్లలో చాలావాటికి అతిథుల నెట్‌వర్క్ అనే అమరిక ఉంటుంది. పెట్టె ఒక్కటే, దారులు రెండు. మొదటి దారి కంప్యూటరుకు, ప్రింటరుకు. రెండవది ఫోన్లకు. రెండవ దారిలోని ఫోను, మొదటి దారిలోని కంప్యూటరును చూడకుండా అమర్చాలి.

అతిథుల దారికి కూడా పాస్‌వర్డ్ పెట్టాలి. దానిని నెలకు ఒకసారి మార్చాలి. వేగానికి పరిమితి పెట్టే వీలుంటే పెట్టాలి. రాత్రి పాల సేకరణ ముగిసిన తరువాత ఆ దారి ఆగిపోయేలా వేళలు నిర్ణయించవచ్చు. కార్యదర్శి, పాల పరీక్షకుల సొంత ఫోన్లు కూడా రెండవ దారిలోనే ఉండాలి. పదవిని బట్టి మినహాయింపు ఇస్తే క్రమంగా అందరూ మొదటి దారిలోకే వస్తారు.

7. వై-ఫై తాళం కాపాడలేనివి

ఈ తాళం కంప్యూటరు నుండి రూటరు వరకు మాత్రమే లెక్కను కాపాడుతుంది. ఆపై ప్రయాణానికి జాగ్రత్తలు వేరు. కంప్యూటరుకు దాని పాస్‌వర్డ్ దానికి ఉండాలి. పాల లెక్కల ప్రోగ్రాములో కార్యదర్శికి ఒక పేరు, పరీక్షకునికి ఒక పేరు ఉండాలి. ఇద్దరూ ఒకే పేరుతో పనిచేస్తే, ఎవరు ఏ అంకె మార్చారో ఆడిటులో తేలదు. పక్షానికి ఒకసారి లెక్కల నకలు వేరే డిస్కులోకి తీసి ఇనుప పెట్టెలో ఉంచాలి.

ఫోనులో మాటలు చెప్పి మోసం చేసేవారిని ఏ వై-ఫై తాళమూ ఆపదు. "యూనియను ఆఫీసు నుండి మాట్లాడుతున్నాం, ఓ.టి.పి. చెప్పండి" అంటే చెప్పరాదు. సభ్యుని ఖాతా నంబరు మార్చాలంటే ఆ సభ్యుడు స్వయంగా వచ్చి సంతకంతో దరఖాస్తు ఇవ్వాలి. డబ్బు పోయినట్లు తెలిస్తే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఇది సైబర్ ఆర్థిక మోసాలకు జాతీయ సహాయ నంబరు. ఎంత త్వరగా తెలిపితే డబ్బును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

8. పాస్‌వర్డ్ ఎవరిది?

పై పనులన్నీ యంత్రానికి సంబంధించినవి. సహకార సంఘంలో అసలు చిక్కు మరొక చోట వస్తుంది. పాస్‌వర్డ్ ఒక్క కార్యదర్శికే తెలుసు. ఆయన జబ్బుపడినా, పని మానినా, పాలకవర్గంతో మాట పట్టింపు వచ్చినా, సంఘం తన ఇంటికి తానే బయట నిలబడవలసి వస్తుంది. అటువంటి పరిస్థితి మేము ఒకచోట చూచాం. పాత కార్యదర్శి తాళపుచెవులు, నగదు, రసీదు పుస్తకాలు అన్నీ లెక్కగా అప్పగించాడు. పాస్‌వర్డ్‌లు అప్పగింత జాబితాలో లేవు గనుక ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. కొత్త కార్యదర్శి వారం రోజులు చేతితో బిల్లులు వ్రాశాడు. ఆ వారమంతా పాత కార్యదర్శి ఫోను మాత్రం వీధిలో నిలబడితే సంఘం నెట్‌వర్క్‌లో చేరుతూనే ఉన్నది. ఆయన ఏ చెడ్డపనీ చేయలేదు. కాని చేయకపోవడం ఆయన మంచితనం, మన జాగ్రత్త కాదు.

అందువల్ల ప్రతి సంఘమూ ఈ క్రింది ఏర్పాటు చేసుకోవాలి.

పాలకవర్గ సమావేశంలో ఒక తీర్మానం చేయాలి. సంఘం ఇంటర్నెట్ కనెక్షను, రూటరు, వాటి పాస్‌వర్డ్‌లు సంఘం ఆస్తి అని, వాటి బాధ్యత ఫలానా వారిదని అందులో వ్రాయాలి. పాస్‌వర్డ్‌ను మాత్రం తీర్మానాల పుస్తకంలో వ్రాయరాదు.

రెండు పాస్‌వర్డ్‌లను కాగితం మీద వ్రాసి, కవరులో పెట్టి అంటించి, అతుకు మీద అధ్యక్షుడు, కార్యదర్శి సంతకాలు చేసి, తేదీ వేసి, నగదు పెట్టెలో ఉంచాలి. అవసరపడి కవరు విప్పితే ఎప్పుడు, ఎవరు, ఎందుకు విప్పారో వ్రాసి, పాస్‌వర్డ్ మార్చి, కొత్త కవరు పెట్టాలి.

కార్యదర్శి గాని, పరీక్షకుడు గాని మారిన రోజున రెండు పాస్‌వర్డ్‌లూ మార్చాలి. అప్పగింత జాబితాలో "రూటరు ఒకటి, పాస్‌వర్డ్ కవరు ఒకటి" అని చేర్చాలి. వెళ్ళేవారి మీద అనుమానంతో చేసే పని కాదిది. రేపు ఏదైనా జరిగితే వారి మీదికి మాట రాకుండా కాపాడేది కూడా ఇదే.

9. సభ్యులు అడగవలసిన ప్రశ్నలు

పాల పరీక్ష సభ్యుని కళ్ళ ముందే జరగాలన్నది సహకార పాడి పరిశ్రమలో మొదటి నుండి వస్తున్న పద్ధతి. లెక్క కంప్యూటరులోకి పోయినంత మాత్రాన ఆ హక్కు పోలేదు. ఇంగ్లీషు మాటలు చూచి వెనుకాడనక్కరలేదు. రాబోయే మహాజన సభలో ఈ ఆరు ప్రశ్నలు అడగండి:

(1) మన ఇంటర్నెట్ కనెక్షను సంఘం పేర ఉన్నదా, వ్యక్తి పేర ఉన్నదా?

(2) రూటరుతో వచ్చిన పాస్‌వర్డ్‌లు రెండూ మార్చారా? ఏ తేదీన?

(3) తాళం డబ్ల్యు.పి.ఎ. 2 గాని, 3 గాని ఉన్నదా? డబ్ల్యు.పి.ఎస్. ఆపారా?

(4) లెక్కల కంప్యూటరు, సభ్యుల ఫోన్లు వేరు వేరు దారులలో ఉన్నాయా?

(5) సంతకాల కవరు నగదు పెట్టెలో ఉన్నదా? (కవరు చూపితే చాలు, విప్పనక్కరలేదు.)

(6) గతసారి ఉద్యోగి మారినప్పుడు పాస్‌వర్డ్ మార్చారా?

ఆరింటికీ "అవును" అని తేదీలతో జవాబు చెప్పగల సంఘం భద్రంగా ఉన్నట్లే. చెప్పలేని సంఘం కార్యదర్శిని నిందించడంతో ఆగకుండా, ఈ సంచికను ముందు పెట్టుకొని ఆయనతో ఒక పూట కూర్చుంటే పని పూర్తవుతుంది. ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు నగదు నిల్వ, పాల నిల్వలతోపాటు ఆ కవరును కూడా చూపమని మేము అడుగుతాము.